ఏడు తప్పులు, అరవై మంది ముద్దాయిలు

నూకరత్నం చేసిన నేరం, పరీక్ష హాల్లో కంప్యూటర్ ఆన్ చెయ్యడం.

అది కంప్యూటర్ పరీక్షే. జరుగుతున్నదీ కంప్యూటర్ ల్యాబ్‌లోనే. ఆమె ముందు ఒక కంప్యూటరు, దానికొక స్విచ్చు కూడా ఉన్నాయి. అయినా శ్రీ మహోదయ ఇంజనీరింగ్ కాలేజీ చరిత్రలో ప్రాక్టికల్ పరీక్ష రోజున ఆ స్విచ్చు మీద వేలు పెట్టినవాళ్లు అంతకుముందు లేరు. పెట్టాల్సిన అవసరం రాలేదు. అందరికీ రికార్డు ఉంటుంది.

రికార్డంటే మామూలు పుస్తకం కాదు. అట్టకు బ్రౌన్ పేపరు, మార్జిన్లకు ఎర్ర పెన్ను, హెడ్డింగులకు స్కెచ్ పెన్ను. సీనియర్ రికార్డు చూసి జూనియర్ రాస్తాడు. వాడిది చూసి వాడి జూనియర్ రాస్తాడు. ఇలా రాసుకుంటూ రాసుకుంటూ, పన్నెండేళ్ల కిందట ఎవడో మధ్యలో రాసుకున్న ‘అమ్మ ఫోన్ చేసింది, మిగతాది రేపు’ అన్న వాక్యం ఇప్పుడు నాలుగో ప్రయోగంలో భాగమైపోయింది. అది రాయకపోతే ఒక మార్కు తగ్గిస్తారు.

ఆ రోజు వచ్చిన ప్రశ్న ‘ఏడు తప్పుల ప్రోగ్రాం’. కావాలని ఏడు తప్పులు పెట్టి రాసిన ఒక ప్రోగ్రాం ఇస్తారు. దాన్ని కంపైలర్‌కి చూపించాలి. కంపైలరంటే మనం రాసింది చదివి, ఎక్కడెక్కడ తప్పులున్నాయో చెప్పే మేస్టారి లాంటిది. అది చెప్పిన ఏడు తప్పుల్నీ వచ్చిన వరసలో పేపరు మీద రాయాలి. అంతే.

ఈ కంపైలర్ ఎక్కడి నుంచో తెచ్చింది కాదు. యూనివర్సిటీ వాళ్లే సొంతంగా తయారుచేసుకున్నారు. పేరు ‘సర్వజ్ఞ’. ప్రారంభోత్సవం రోజున వైస్‌ఛాన్సలర్ గారు దండ వేసిన కీబోర్డు మీద ఒక మీట నొక్కారు. ఏడు తప్పులు వచ్చాయి. చప్పట్లు కొట్టారు. ఆ ఏడింటినీ వచ్చిన వరసలోనే ల్యాబ్ మాన్యువల్లో అచ్చు వేయించి, అదే జవాబుల ‘కీ’ అన్నారు. ఆ తర్వాత సర్వజ్ఞని మళ్లీ ఎవరూ ఇబ్బంది పెట్టలేదు.

మిగతా యాభై తొమ్మిది మందీ ఆ వరస కంఠతా పట్టి వచ్చి ఇరవై నిమిషాల్లో రాసేశారు. రత్నం మాత్రం స్విచ్చు వేసింది. ఎందుకు వేశావని తర్వాత చాలామంది అడిగారు. చూద్దామని, అంది. ఆ జవాబు ఎవరికీ నచ్చలేదు.

పరీక్షకు బయటి నుంచి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వచ్చిన కామేశం గారు పేపర్లు దిద్దుకుంటూ దిద్దుకుంటూ ముప్పై ఏడో నెంబరు దగ్గర ఆగారు. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు.

“ఎవరమ్మా నూకరత్నం?”

“నేనేనండి.”

“ఒకటో తప్పు ఏమని రాశావు?”

“పదకొండో లైన్లో సెమికోలన్ లేదండి.”

“కీలో ఒకటోది మూడో లైన్లో ఉంది. పదకొండో లైనుది ఆరో నెంబరు.”

“ఏడూ అవేనండి సార్. వరస మారిందంతే.”

“వరస మారిందంతేనా! రేపు నీ పెళ్లిలో ముందు అప్పగింతలు పెట్టేసి, తీరిగ్గా తాళి కట్టిస్తే ఊరుకుంటావా?”

వెనక బెంచీలో ఎవరో నవ్వారు. కామేశం గారికి ఊపొచ్చింది.

“యాభై తొమ్మిది మందికి ఒకలా వచ్చి, నీ ఒక్కదానికే వేరేగా ఎలా వచ్చింది? ఎక్కడ చూసి రాశావు?”

“కంప్యూటర్లో చూసి రాశానండి.”

కామేశం గారు మెల్లిగా పెన్ను మూత తీశారు. “ఒప్పుకుంది. అందరూ విన్నారుగా?”

ఆయన నింపిన మాల్‌ప్రాక్టీసు ఫారంలో ఇలా ఉంది: ‘అభ్యర్థిని పరీక్షా సమయంలో తన ఎదుట గల కంప్యూటర్ నుండి జవాబులు చూసి రాసినట్లు స్వచ్ఛందంగా అంగీకరించినది. పశ్చాత్తాపము కనబరచలేదు.’

కేసు రుజువైతే రెండేళ్లు డీబారు. విశాఖపట్నంలో ఒక కంపెనీ రత్నానికి ఉద్యోగం ఇచ్చింది. జులై మొదటి సోమవారం చేరాలి. చేరేటప్పుడు పాసైనట్టు మార్కుల మెమో చూపించాలి. మెమో లేకపోతే ఉద్యోగం లేదు. ఆ సోమవారానికి అప్పటికి నలభై రోజులున్నాయి.

పది రోజులకు యూనివర్సిటీ నుంచి విచారణకు పిలుపొచ్చింది. పరీక్షల కంట్రోలర్ రామభద్రరాజు గారి గది. ఆయన మామూలుగా మాట్లాడటం ఎవరూ వినలేదు. ఇంట్లో మంచినీళ్లు కావాలన్నా ‘తగు చర్య నిమిత్తం’ అంటారని చెప్పుకుంటారు. ఆయన పక్కన కామేశం గారు. ల్యాబ్ అసిస్టెంటు అప్పలకొండ ముప్పై ఏడో నెంబరు కంప్యూటర్ని ఒళ్లో పెట్టుకుని ఆటోలో తీసుకొచ్చాడు. సాక్షి కదా అని ప్రయాణంలో దానికి ఎండ తగలకుండా తువ్వాలు కప్పాడు.

“అభ్యర్థిని వాదన సంక్షిప్తంగా వినిపించవచ్చును,” అన్నారు కంట్రోలర్ గారు.

“వాదనేం లేదండి. మీరే ఒకసారి నడిపి చూడండి.”

నడిపారు. ఏడు తప్పులొచ్చాయి. మొదటిది ఇరవయ్యో లైనుది. మళ్లీ నడిపారు. ఈసారి మొదటిది ఎనిమిదో లైనుది. మూడోసారి నడిపితే ఏకంగా చివరి లైను ముందుకొచ్చింది.

“ప్రోగ్రాం మార్చలేదండి. తప్పులూ అవే. ప్రతిసారీ వరస మాత్రం మారిపోద్దండి,” అంది రత్నం.

కంట్రోలర్ గారు కంప్యూటర్ వైపు తిరిగారు. “ఒకే ప్రశ్నకు మూడు పర్యాయములు మూడు విధములైన సమాధానములు. ఇదే పని ఒక విద్యార్థి చేస్తే ఏమంటాము, కామేశం గారూ?”

“బుకాయింపు అంటామండి.”

“దీనిని మాత్రం ఎందుకు ఉపేక్షించవలెను?”

రత్నానికి పరిస్థితి అర్థమైంది. కంగారుగా ముందుకు జరిగింది. “సార్, సార్. అది చాలా చిన్న సంగతండి. మా అమ్మ బ్యాంకోళ్లకి భోజనం క్యారియర్లు పంపుద్దండి. గిన్నెలన్నీ ఒక సంచీలో పడేసి పంపామనుకోండి. చెయ్యి పెడితే ఓసారి పెరుగొస్తది, ఓసారి పులుసొస్తది. అదే క్యారియర్లో పెడితే ఎప్పుడు తీసినా ఒకటే వరస. ఈ సర్వజ్ఞ దొరికిన తప్పులన్నీ సంచీలో పడేస్తందండి. చివర్లో చేతికి ఏదొస్తే అది చూపిస్తంది. సంచీ తీసేసి క్యారియర్ పెడితే లైను నెంబరు ప్రకారం వస్తాయండి. లోపల ఒక్క మాట మార్చాలంతే.”

“ఏ వేళ నడిపినా ఒకే వరసా?”

“ఆయ్. ఎవరు నడిపినా ఒకే వరస.”

“అమ్మాయీ,” కంట్రోలర్ గారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. “పరీక్షలలో జంబ్లింగ్ విధానము ప్రవేశపెట్టుటకు ఈ విశ్వవిద్యాలయము పద్నాలుగేళ్లు పోరాడినది. పక్కపక్క కూర్చున్నవారికి ప్రశ్నలు ఒకే వరసలో రాకూడదని మూడు కమిటీలు వేసినాము. నీవు వచ్చి, అంతా ఒకే వరసలో ఉండవలెననుచున్నావు. నీవు ఎవరి పక్షము?”

రత్నం వెనక్కి జరిగి నిలబడింది.

ముప్పై ఏడో నెంబరు కంప్యూటర్‌కి అక్కడికక్కడే మెమో తయారైంది. పరస్పర విరుద్ధమైన సమాధానాలు ఎందుకు ఇచ్చావో మూడు పనిదినాల్లో లిఖితపూర్వకంగా వివరించాలి. మెమోని కీబోర్డు మీద పెట్టి, అందినట్టు అప్పలకొండ చేత వేలిముద్ర వేయించారు. అతనికి సంతకం వచ్చు. కానీ సంతకం చేస్తే కంప్యూటర్ చేసినట్టు ఉండదని కామేశం గారి అభ్యంతరం.

మూడు రోజులు గడిచాయి. కంప్యూటర్ వివరణ ఇవ్వలేదు. ‘మౌనము ద్వారా ధిక్కార వైఖరి ప్రదర్శించినది’ అని ఫైల్లో రాశారు. ఆపై కామేశం గారికి ఒక ఆలోచన తట్టింది. ఒకటి ఇలా ఉంటే, ల్యాబ్‌లో మిగతా యాభై తొమ్మిదీ ఎలా ఉన్నట్టు? వాటికి ఇంతవరకు ఒక్క పరీక్షా పెట్టలేదు. పిల్లలకు పాఠాలు చెబుతున్నాయి, అర్హత ఉందో లేదో ఎవరికీ తెలియదు.

అలా అరవై కంప్యూటర్లకు పరీక్ష ఖరారైంది.

హాల్ టికెట్లు అచ్చు వేశారు. ఫొటో కాలమ్ కోసం అప్పలకొండ ఒక్కో కంప్యూటర్నీ తెల్ల దుప్పటి ముందు నిలబెట్టి సెల్‌ఫోన్‌తో ఫొటో తీశాడు. తండ్రి పేరు కాలమ్ ఖాళీగా ఉంటే యూనివర్సిటీ కంప్యూటర్ సెక్షన్ దరఖాస్తు తీసుకోదని, అరవైకీ వైస్‌ఛాన్సలర్ గారి పేరే రాశారు. సొంత కాలేజీలో రాస్తే పక్షపాతం ఉంటుంది కాబట్టి జంబ్లింగ్ ప్రకారం నలభై కిలోమీటర్ల అవతల ఒక పాలిటెక్నిక్‌ని సెంటర్‌గా వేశారు. జీడిపిక్కల లారీలో అరవై కంప్యూటర్లూ అక్కడికి బయల్దేరాయి.

“నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరంట రత్నమ్మా,” అని అప్పలకొండ లారీ ఎక్కుతూ చెప్పాడు. “మనోళ్లకి నడక కూడా రాదు. ఏటవుద్దో ఏటో!”

గేటు దగ్గర తనిఖీ. మూతలు విప్పి చూశారు. చిట్టీలు దొరకలేదు. ఎండిపోయిన బల్లి ఒకటి, రెండు పిన్నీసులు, ఒక పాత బస్సు టికెట్టు దొరికాయి. టికెట్టు మీద అంకెలున్నందువల్ల దాన్ని స్వాధీనం చేసుకున్నారు. ఒకదానితో ఒకటి మాట్లాడుకోకుండా నెట్‌వర్కు వైర్లు పీకేశారు. కరెంటు వైరు కూడా వైరే కదా అని ఒక ఇన్విజిలేటర్‌కి అనుమానం వచ్చింది. దాంతో మొదటి అరగంట పరీక్ష కరెంటు లేకుండా జరిగింది. అరవైలో ఒక్కటీ ఏమీ రాయలేదు. ‘హాలులో క్రమశిక్షణ ఆదర్శప్రాయం’ అని పరిశీలకుడు రాశాడు.

తర్వాత కరెంటిచ్చారు. ఏడు తప్పుల ప్రోగ్రాం ఇచ్చారు. ప్రతిదానికీ ఏడు తప్పులూ దొరికాయి. వరస మాత్రం ఒకదాని వరస ఇంకోదానికి లేదు. ఒక్కదానిది కూడా కీతో కలవలేదు.

కంట్రోలర్ గారు ఫలితాల సమావేశం పెట్టారు. హాజరైనవి అరవై, ఉత్తీర్ణత సున్నా శాతం. ‘పాలకవర్గము దీనిని సవాలుగా స్వీకరించుచున్నది’ అని చదివి వినిపించారు. మర్నాటి నుంచి ఆయనకు నిద్ర పట్టలేదు. వచ్చే వారం ఢిల్లీ నుంచి గ్రేడింగ్ బృందం వస్తోంది. వాళ్లు ముందు చూసేది పాస్ పర్సెంటేజీ. ఏ పరీక్షదీ అని అడగరు. అన్నీ కలిపేసి చూస్తారు.

రత్నాన్ని పిలిపించారు. ఈసారి తలుపు వేశారు.

“నీవు ఆనాడు ఏదో భోజన పాత్ర గురించి ప్రస్తావించినావు.”

“క్యారియరండి.”

“అది పెట్టుము. అధికారికంగా మేము ఎరగము.”

“పెడతానండి. నా కేసు సంగతేంటండి? చేరాల్సింది ఇంకో పన్నెండు రోజుల్లోనేనండి.”

“తగు సమయంలో తగు రీతిలో పరిశీలించబడును.”

ఆ మాటతో కడుపు నిండదని రత్నానికి తెలుసు. అయినా కంప్యూటర్ ముందు కూర్చుంది. పని పూర్తవడానికి నాలుగు నిమిషాలు పట్టింది. అందులో మూడు, పాస్‌వర్డు కోసం వెతకడానికి. అది కీబోర్డు కింద అంటించి ఉంది. మిగతా నిమిషంలో ఆమె సంచీ తీసేసి క్యారియర్ పెట్టింది. నడిపింది. మూడో లైనుది, ఎనిమిదో లైనుది, పదకొండో లైనుది, అలా కింద వరకు ఒద్దికగా వచ్చాయి. ఇంకోసారి నడిపింది. అలాగే వచ్చాయి. ఇరవైసార్లు నడిపింది. ఎవరూ చూడటం లేదు కాబట్టి కాసేపు నవ్వుకుంది.

అరవై కంప్యూటర్లకూ కొత్త సర్వజ్ఞ ఎక్కించి, సప్లిమెంటరీ పరీక్ష పెట్టారు. మళ్లీ లారీ, మళ్లీ తనిఖీ. ఈసారి అరవైకి అరవై ఒకే సెకనులో ఒకే ఏడు తప్పుల్ని ఒకే వరసలో చెప్పాయి. కీ వరస మాత్రం అది కాదు. ఎందుకంటే కీ, వైస్‌ఛాన్సలర్ గారు నొక్కిన పూట సంచీలోంచి ఎలా పడితే అలా వచ్చింది. దాన్ని తాకే ధైర్యం ఎవరికీ లేదు. కానీ అరవై ఒకేలా చెప్పడం చూసి కంట్రోలర్ గారికి కళ్లు చెమర్చాయి. మార్కులు వేసే సంగతి తర్వాత చూద్దాం, ముందు లడ్డూలు తెప్పించండి అన్నారు. ఆ వాక్యం ఆయన మామూలు తెలుగులో అన్నారని అక్కడున్నవాళ్లు ఇప్పటికీ ప్రమాణం చేసి చెబుతారు.

లడ్డూలు రాకముందే ఫ్లయింగ్ స్క్వాడ్ జీపొచ్చింది. దిగినవారు కామేశం గారే. ఆ యూనివర్సిటీలో ఎవరి మీద ఎవరు నిఘా పెట్టాలన్నా ఆయన్నే వేస్తారు. ఆయన పది నిమిషాలు హాల్లో తిరిగారు. ఒక స్క్రీన్ చూశారు. పక్కది చూశారు. ఆ పక్కది చూశారు. ముఖం ఎర్రబడింది.

“రాజు గారూ, ఎన్నేళ్లుగానో చేస్తున్నాను ఈ ఉద్యోగం. ఇంత పచ్చిగా కాపీ కొట్టడం ఎక్కడా చూళ్లేదు. అరవైకి అరవై! కామాతో సహా!”

“ఒకదానితో ఒకటి మాట్లాడుకొనుటకు వైర్లు కూడా లేవే?”

“అదేనండి వీటి తెలివి.”

రూల్సు పుస్తకం తెచ్చారు. పద్నాలుగో నిబంధన చదివారు. (ఎ) కీతో కలిసిన జవాబు సరైన జవాబు. (బి) కీతో కలవక, తోటి అభ్యర్థులతో కలిసిన జవాబు సామూహిక కాపీ. (సి) కీతోగాని, మరెవరితోగాని కలవని జవాబు స్వతంత్ర కృషి. దానికి ఉదారంగా మార్కులు వేయవలెను. యాభై తొమ్మిది మంది విద్యార్థులూ (ఎ). అరవై కంప్యూటర్లూ (బి). (సి) కింద ఇంతవరకు ఒక్కరికీ మార్కులు పడలేదు. ఆ పేజీ రెండు అంచులూ అంటుకుపోయి ఉంటే స్కేలు పెట్టి విడదీశారు.

రత్నం తలుపు దగ్గర నిలబడి ఉంది. తన కేసు కాగితాలు చేతిలో ఉన్నాయి. సోమవారానికి ఇంకా నాలుగు రోజులు. తను రాసిన జవాబు, పాత సంచీలోంచి ఒక్కసారి అలా పడింది. మళ్లీ అలా పడదు. కీలో లేదు. ఇప్పుడీ అరవైలోనూ లేదు. ఆమె రెండడుగులు లోపలికి వచ్చింది.

“సార్, నేను కంప్యూటర్ని చూసి రాశాననేగా కేసు?”

“నువ్వే ఒప్పుకున్నావు కదమ్మా!” అన్నారు కామేశం గారు.

“ఆయ్. మరి నా పేపరు ఏ కంప్యూటర్ జవాబుతో కలుస్తందో చూసి చెప్పండి సార్. చూసి రాస్తే కలవాలి కదండి.”

పేపరు తెప్పించారు. ముప్పై ఏడుతో పోల్చారు. కలవలేదు. మిగతావాటితో పోల్చారు. కామేశం గారు ఒక్కో స్క్రీన్ దగ్గరా ఒంగి, వేలు పెట్టి, గంటంపావు చూశారు. చివరికి నడుం పట్టుకుని లేచారు.

“ఒక్కదానితోనూ కలవలేదండి. ఈ పిల్ల సొంతంగా రాసింది.”

కంట్రోలర్ గారి ముఖం వెలిగింది. గ్రేడింగ్ బృందానికి చూపించడానికి ఒక స్వతంత్ర కృషి దొరికింది. పద్నాలుగు-సి కింద మొదటి అభ్యర్థిని. ఫొటో, ఫ్లెక్సీ, అన్నీ కళ్ల ముందు కదిలాయి. కానీ మధ్యలో ఒక అడ్డుంది. ఆ మాల్‌ప్రాక్టీసు ఫారంలో ఆమె ఒప్పుకోలు ఉంది.

“దానిని ఉపసంహరించుకొనుచు ఒక వాంగ్మూలము ఇవ్వవలెను,” అని ఆయనే స్వయంగా రాసిచ్చారు. ‘పరీక్ష జరిగిన మూడు గంటలలో నేను కంప్యూటర్‌ను ఆన్ చేయలేదు, ముట్టలేదు, దాని వైపు చూడలేదు. ఏడు తప్పులూ నా మనస్సులో ఉదయించినవి.’

రత్నం చదివింది. మళ్లీ చదివింది. ఆ హాల్లో ఆ రోజు నిజంగా పని చేసింది తనొక్కతే. ఆ ఒక్క సంగతే కాగితం మీద ఉండకూడదంటున్నారు.

“చూశాను కదండీ,” అంది చిన్నగా.

“చూసినచో రెండేళ్లు డీబారు. చూడనిచో డిస్టింక్షన్,” అన్నారు కంట్రోలర్ గారు, సెలవుల జాబితా చదివినంత మామూలుగా. “నిర్ణయము నీదే. విశ్వవిద్యాలయము ఎవరినీ ఒత్తిడి చేయదు.”

ఆమెకు తెల్లారకముందే లేచి గిన్నెలు సర్దే తల్లి చేతులు గుర్తొచ్చాయి. పెన్ను తీసుకుంది. సంతకం పెట్టింది.

గంటలో మెమో చేతికొచ్చింది. యాభైకి యాభై. కింద రిమార్కులో ‘కంప్యూటర్ ప్రభావమునకు లోనుకాని ప్రతిభ’ అని టైపు చేశారు.

బయట లారీలోకి కంప్యూటర్లు ఎక్కిస్తున్నారు. ఒక్కోదాని మెడలో రెండేళ్ల డీబారు ఉత్తర్వు వేలాడుతోంది. అప్పలకొండ వాటి మీద టార్పాలిన్ కప్పుతున్నాడు.

“మీరు పెట్టిన క్యారియరు తీయించేశారమ్మా,” అన్నాడు. “పాత సంచీయే మళ్లీ పెట్టించారు. అన్నీ ఒకేలా చెబితే మళ్లీ కాపీ కేసంట. మీకేటైంది?”

“పాసయ్యాను బాబాయ్. యాభైకి యాభై.”

“అబ్బో! ఏటి రాసిచ్చారేటి?”

“జన్మలో కంప్యూటర్ ముట్టుకోలేదని.”

అప్పలకొండ తాడు ముడి వేస్తూ వేస్తూ ఆగిపోయాడు. కాసేపు లెక్కలాంటిదేదో వేసుకున్నాడు.

“మరైతే మా అత్త ఉందమ్మా, నర్సీపట్నంలో. ఆవిడ కరెంటు స్విచ్చే ముట్టుకోదు, షాక్ కొట్టేస్తదని. ఆవిణ్ని వైస్‌ఛాన్సలర్ని చేసేస్తారంటావా?”

రత్నం నవ్వబోయింది. నవ్వు రాలేదు. మెమోని మడత పడకుండా ఫైల్లో పెట్టుకుంది. “దరఖాస్తు పెట్టించు బాబాయ్,” అంది. “కాపోతే వేలిముద్ర వెయ్యనియ్యకు. సంతకం పెట్టించు. వీళ్లు దేనికి వేలిముద్ర వేయిస్తే దాన్ని డీబార్ చేసేస్తన్నారు.”

విశాఖ బస్సు హారన్ కొట్టింది. ఆమె పరిగెత్తింది.